లెక్చరర్ పంపిన పీపీటీని చెవితో చదువుకునేలా మార్చడం ఎలా

నెల్లూరైనా, కావలైనా, ఒంగోలైనా ఇప్పుడు కాలేజీలో పాఠమంటే సగం పీపీటీనే. క్లాసు అయిపోగానే ఫైలు వాట్సాప్ గ్రూపులో పడుతుంది, చూపున్న పిల్లలు బస్సులో కూర్చుని ఫోన్లో తిప్పేసుకుంటారు. చూపు లేని పిల్లలు అదే ఫైలు తెరిస్తే, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ "పిక్చర్ ఫోర్" అంటుంది, "టెక్స్ట్ బాక్స్ ట్వెల్వ్" అంటుంది, కుడిపక్క రాసింది ముందు చదివి ఎడమపక్కది తర్వాత చదువుతుంది, ఇక తెలుగు స్లైడు వచ్చేసరికి ఏ భాషో తెలియని శబ్దాలు మొదలవుతాయి. పరీక్ష రేపనగా ఎవరినో బతిమాలి చదివించుకోవడం తప్ప దారి లేదనుకుంటారు. దారి ఉంది. దానికి కావలసినవన్నీ ఉచితంగా దొరుకుతాయి, ఒకసారి ఎక్కించుకున్నాక నెట్ కూడా అక్కర్లేదు, ఫైలు మీ కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోదు.

ఈ పని ఎవరు చేయాలంటే, ఎవరైనా చేయవచ్చు. క్లాస్‌మేట్, ల్యాబ్ అసిస్టెంట్, పీపీటీ తయారు చేసిన లెక్చరర్, లేదా చూపు లేని విద్యార్థే స్వయంగా (బొమ్మల వివరణ లాంటి కొన్నిటికి మాత్రం చూపున్నవాళ్ల సాయం కావాలి). ఇదంతా టెర్మినల్లో, అంటే కమాండ్లు కొట్టే కిటికీలో చేస్తాం, అక్కడ మౌసుతో పని లేదు, బొమ్మలు లేవు, అంతా అక్షరాలే, కాబట్టి స్క్రీన్ రీడర్‌తో పని చేసేవాళ్లకి రంగురంగుల బటన్లున్న సాఫ్ట్‌వేర్ కంటే ఇదే సుఖం.

ముందుగా ఒక మాట. కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, ఇది తెలుగు గొంతుతో వింటున్నవాళ్లకి కూడా తడబాటు రాకూడదని. మీరు కొట్టేటప్పుడు మాత్రం అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. స్పెల్లింగ్ దగ్గర అనుమానం వచ్చే చోట అక్షరాలు విడదీసి చెబుతాను.

మొదట, సామాను ఎక్కించుకోవడం

మీది విండోస్ 10 లేదా 11 అయితే పవర్‌షెల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, డబ్ల్యు-ఎస్-ఎల్ అని కొట్టి, ఖాళీ వదిలి, రెండు హైఫన్లు పెట్టి వాటికి ఆనించి ఇన్‌స్టాల్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఉబుంటు అనే లైనక్స్ దిగుతుంది. కంప్యూటర్ ఒకసారి ఆపి మళ్లీ వేశాక యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా కనిపించవు, స్క్రీన్ రీడర్ కూడా ఏమీ పలకదు, అది మామూలే, కొట్టేసి ఎంటర్ నొక్కడమే. లైనక్స్ ముందే వాడుతున్నవాళ్లకి ఈ పేరా అవసరం లేదు.

తర్వాత ఉబుంటు టెర్మినల్లో సుడో ఆప్ట్ అప్‌డేట్, అది అయ్యాక ఈ పెద్ద లైను:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్రెఆఫీస్ పాప్లర్-యుటిల్స్ టెసరాక్ట్-ఓసీఆర్ టెసరాక్ట్-ఓసీఆర్-టెల్ పాన్‌డాక్ పిప్‌ఎక్స్ అన్‌జిప్

సుడో అంటే ఎస్-యు-డి-ఓ. ఆప్ట్ అంటే ఎ-పి-టి. పాప్లర్‌లో రెండు పి-లు పక్కపక్కన వస్తాయి, పి-ఓ-పి-పి-ఎల్-ఇ-ఆర్. టెసరాక్ట్ తొమ్మిదక్షరాలు, టి-ఇ-ఎస్-ఎస్-ఇ-ఆర్-ఎ-సి-టి. చివర ఉన్న టెల్ అంటే తెలుగు, అది వేయకపోతే ఓసీఆర్‌కి (బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చే పనికి) ఇంగ్లీషు తప్ప ఏమీ రాదు. లిబ్రెఆఫీస్ బాగా పెద్దది, మొబైల్ డేటా మీద పెట్టుకోకుండా వైఫై ఉన్న చోట దించుకోండి.

ఆఖరిది మార్కిట్‌డౌన్. మార్క్, ఇట్, డౌన్ మూడు మాటలూ ఖాళీ లేకుండా కలిపి కొట్టాలి. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2024 చివర్లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన చిన్న పైథాన్ పనిముట్టు ఇది, పీపీటీలాంటి ఫైళ్లని మామూలు టెక్స్ట్‌గా మారుస్తుంది.

పిప్‌ఎక్స్ ఇన్‌స్టాల్ "మార్కిట్‌డౌన్[పీపీటీఎక్స్]"

ఆ చదరపు బ్రాకెట్లూ, కోట్ గుర్తులూ తప్పకుండా ఉండాలి. పిప్‌ఎక్స్ అంటే పి-ఐ-పి-ఎక్స్. కొత్త ఉబుంటుల్లో మామూలు పిప్‌తో వేయబోతే ఒప్పుకోదు, అందుకే ఇది. అయ్యాక పిప్‌ఎక్స్ ఎన్ష్యూర్‌పాత్ అని ఒకసారి కొట్టి, టెర్మినల్ మూసి మళ్లీ తెరవండి. ఎన్ష్యూర్, పాత్ రెండూ కలిపే.

ఫైలు లోపల ఏముందో చూడటం

2007 నుంచి వస్తున్న పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలు. లోపల ఒక్కో స్లైడుకి ఒక్కో ఎక్స్ఎంఎల్ ఫైలు, బొమ్మలకి మీడియా అని ఒక ఫోల్డరు, లెక్చరర్ కింద రాసుకున్న నోట్సుకి నోట్స్‌స్లైడ్స్ అని ఇంకోటి, గ్రాఫులుంటే చార్ట్స్, స్మార్ట్‌ఆర్ట్ (బాణాలతో కలిపిన గడుల బొమ్మలు) ఉంటే డయాగ్రమ్స్ అని ఫోల్డర్లు ఉంటాయి. మార్చే ముందు ఈ జాబితా చూసుకుంటే తర్వాత ఏది రాకుండా పోయిందో కనిపెట్టొచ్చు. చాలామంది ఇది వదిలేస్తారు. వదలొద్దు, ఎందుకంటే ఈ పనిముట్లు తమకి చేతకానిదాన్ని చెప్పకుండా దాటేస్తాయి, ఎర్రర్ కూడా రాదు.

ఫైలున్న ఫోల్డర్ని విండోస్‌లో తెరిచి, పైన అడ్రస్ బార్‌లో డబ్ల్యు-ఎస్-ఎల్ అని కొట్టి ఎంటర్ నొక్కితే టెర్మినల్ నేరుగా ఆ ఫోల్డర్లోనే తెరుచుకుంటుంది. ఫైలు పేరు "ఫైనల్ న్యూ కాపీ 2" లాంటిది ఉంటే ఖాళీలు లేని చిన్న పేరు పెట్టుకోండి. ఒంగోలు జాతి పశువుల మీద తయారు చేసిన పీపీటీ మన చేతిలో ఉందనుకుందాం, దాని పేరు ఒంగోలు.పీపీటీఎక్స్.

అన్‌జిప్ -ఎల్ ఒంగోలు.పీపీటీఎక్స్

హైఫన్ పక్కన ఎల్ అక్షరం ఒక్కటే. జాబితా వస్తుంది. స్లైడ్లెన్ని, మీడియాలో బొమ్మలెన్ని, డయాగ్రమ్స్ అనే మాట ఉందా లేదా, ఇవి ఒక కాగితం మీద రాసుకోండి.

ఫైలు పాత పీపీటీ అయితే, అంటే చివర ఎక్స్ లేకపోతే, అది జిప్ కాదు, అన్‌జిప్ తెరవలేదు. దాన్ని ముందు లిబ్రెఆఫీస్‌తో కొత్త రూపంలోకి తేవాలి. లిబ్రెఆఫీస్‌ని టెర్మినల్లో ఎస్-ఓ-ఎఫ్-ఎఫ్-ఐ-సి-ఇ అని పిలుస్తారు.

ఎస్ఆఫీస్ --హెడ్‌లెస్ --కన్వర్ట్-టు పీపీటీఎక్స్ ఒంగోలు.పీపీటీ

హెడ్‌లెస్‌కీ కన్వర్ట్‌కీ ముందు రెండేసి హైఫన్లు. ఇదే ఉబుంటులో లిబ్రెఆఫీస్ కిటికీ తెరిచి ఉంటే మూసేయండి, లేకపోతే ఒక్కోసారి ఈ కమాండు ఏమీ చేయకుండానే చేసినట్టు వెనక్కి వచ్చేస్తుంది. సీనియర్ల దగ్గర్నుంచి జూనియర్లకి వచ్చిన నోట్సుల్లో ఇంకా ఈ పాత ఫైళ్లే ఎక్కువ, ఫోల్డర్లో ఉన్నవన్నీ ఒకేసారి మార్చాలంటే ఫైలు పేరు స్థానంలో నక్షత్రం గుర్తు, చుక్క, పీపీటీ అని కొడితే చాలు.

అక్షరాల్ని బయటికి తీయడం

అసలు కమాండు ఇదే, ఇంతే:

మార్కిట్‌డౌన్ ఒంగోలు.పీపీటీఎక్స్ > ఒంగోలు.ఎండీ

మధ్యలో ఉన్నది గ్రేటర్ దాన్ గుర్తు. ఎండీ అంటే మార్క్‌డౌన్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే మామూలు టెక్స్టే. అందులో స్లైడు శీర్షికల ముందు హాష్ గుర్తు ఉంటుంది, ప్రతి స్లైడు మొదట్లో స్లైడ్ నంబర్ అని ఒక లైను ఉంటుంది, టేబుళ్లు నిలువు గీతలతో వస్తాయి, గ్రాఫుల్లో చాలావాటి అంకెలు టేబుల్‌గా వస్తాయి, లెక్చరర్ నోట్సు నోట్స్ అనే చిన్న శీర్షిక కింద వస్తుంది. స్లైడు మీద నాలుగు ముక్కలే రాసి అసలు వివరణంతా నోట్సులో పెట్టుకునే లెక్చరర్లు ఉంటారు, వాళ్ల పీపీటీల్లో తెర మీద చూసినవాళ్లకి దొరికినదానికంటే మీకే ఎక్కువ దొరుకుతుంది. ఒకటి గుర్తుంచుకోండి, లెక్చరర్ దాచి ఉంచిన స్లైడ్లు కూడా వచ్చేస్తాయి.

స్లైడ్లన్నీ వచ్చాయా లేదా చూడటానికి:

గ్రెప్ -సిఐ "స్లైడ్ నంబర్" ఒంగోలు.ఎండీ

జి-ఆర్-ఇ-పి. ఇది ఒక అంకె ఇస్తుంది, మీరు కాగితం మీద రాసుకున్న స్లైడ్ల లెక్కతో సరిపోవాలి.

పీడీఎఫ్ చేసి దాన్నుంచి టెక్స్ట్ తీస్తే సరిపోదా అని అడుగుతారు. ఇంగ్లీషు పాఠాలకి సరిపోతుంది, పాప్లర్‌లోనే ఉన్న పీడీఎఫ్‌టుటెక్స్ట్ ఆ పని చక్కగా చేస్తుంది. తెలుగుకి వద్దు. పీడీఎఫ్‌లో ఉండేది ప్రధానంగా అక్షరాల ఆకారాలు, ఏ ఆకారం ఎక్కడ కూర్చుందన్నది. తిరిగి టెక్స్ట్ చేసేటప్పుడు ఒత్తులు విడిపోతాయి, గుడీ కొమ్మూ ముందువెనకలవుతాయి, "లక్ష్మి" లాంటి పేరు ముక్కలై బయటికొస్తుంది. చూసేవాడు ఎలాగో ఊహించుకుంటాడు, వినేవాడికి అది పేరని కూడా తెలియదు. పీపీటీఎక్స్ చేతిలో ఉన్నంతవరకు దాన్నుంచే తీయండి, పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే "సార్, అసలు ఫైలు ఉంటే పంపండి" అని ఒక మెసేజ్ పెట్టండి.

అను ఫాంట్ల గొడవ

మన దగ్గర అసలు చిక్కు ఇక్కడుంది, ఇంగ్లీషులో రాసిన గైడ్లలో ఇది మామూలుగా దొరకదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లన్నీ ఒకే కోడు వాడే పద్ధతి యూనికోడ్, తెలుగుకి అందులో 1991 నుంచే చోటుంది. అయినా డీటీపీ సెంటర్లలో, కోచింగ్ సెంటర్లలో తెలుగు చాలావరకు అను ఫాంట్లలో కొట్టడమే అలవాటు. అందులో కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు, యూరప్ భాషల అక్షరాలే. ఆ ఫాంటు వాటికి తెలుగు ఆకారాలు తొడుగుతుంది. తెర మీద, కాగితం మీద అందంగా ఉంటుంది. ఫాంటు తీసేసి టెక్స్ట్ మాత్రం బయటికి లాగితే నెత్తిన చుక్కలూ టోపీలూ ఉన్న అక్షరాల గుంపు మిగులుతుంది. స్క్రీన్ రీడర్ చదివేది దాన్నే. చూపు లేని పిల్లలు "తెలుగు మీడియం నోట్సు నాకు చదవదు" అంటే కారణం చాలాసార్లు వాళ్ల ఫోనూ కాదు, స్క్రీన్ రీడరూ కాదు, ఈ ఫాంటే.

కనిపెట్టడానికి సులువైన మార్గం, తెలుగు పాఠం అయితే అందులో "క" లేకుండా ఉండదు. గ్రెప్ -సి అని కొట్టి, ఖాళీ వదిలి, క అని తెలుగులోనే కొట్టి, ఫైలు పేరు ఇవ్వండి. క ఉన్న లైన్లెన్నో చెబుతుంది. సున్నా వస్తే ఆ పాఠం యూనికోడ్‌లో లేదు. లెక్క వచ్చినా మరీ తక్కువైతే ఫైలు మొత్తం తిప్పి చూడండి, ఎందుకంటే శీర్షికలు యూనికోడ్‌లో, లోపలి పాఠం అనులో ఉండే పీపీటీలు కూడా వస్తాయి, ఒకరు మొదలుపెట్టి ఇంకొకరు పూర్తి చేసినవి.

అను అని తేలితే రెండు దారులు. కొట్టిన అను వెర్షన్‌కి సరిపోయే కన్వర్టర్ దొరికితే టెక్స్ట్‌ని యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు, అది కుదిరితే అదే మేలు. కుదరకపోతే ఓసీఆర్. ఇక్కడ ఒక మెలిక ఉంది. పీపీటీఎక్స్‌ని మీ కంప్యూటర్లో పీడీఎఫ్ చేస్తే మీ దగ్గర అను ఫాంటు లేదు కాబట్టి పీడీఎఫ్‌లో కూడా చెత్తే కనిపిస్తుంది, దాన్ని ఓసీఆర్ చేసి లాభం లేదు. ఆ పీపీటీ ఎవరు తయారు చేశారో వాళ్లనే, వాళ్ల కంప్యూటర్లోనే, సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకుని పంపమనండి. ఫాంటు పీడీఎఫ్ లోపల ఇరుక్కుని వస్తుంది, తెలుగు తెలుగులా కనిపిస్తుంది. తర్వాత:

పీడీఎఫ్‌టుపీపీఎం -ఆర్ 300 -పీఎన్‌జీ ఒంగోలు.పీడీఎఫ్ పేజీ

పి-డి-ఎఫ్, టి-ఓ, పి-పి-ఎం, అన్నీ కలిపి. ఇది ఒక్కో స్లైడునీ ఒక్కో బొమ్మగా, పేజీ-1, పేజీ-2 అని (స్లైడ్లు పది, ఆపైన ఉంటే పేజీ-01 అని) పడేస్తుంది. 300 అన్నది బొమ్మ నాణ్యత, తెలుగు ఒత్తులు స్పష్టంగా రావాలంటే దీనికంటే తగ్గించొద్దు. తర్వాత ఒక్కో బొమ్మ మీద:

టెసరాక్ట్ పేజీ-01.పీఎన్‌జీ పేజీ-01 -ఎల్ టెల్+ఎంగ్

టెల్ అంటే టి-ఇ-ఎల్, ఎంగ్ అంటే ఇ-ఎన్-జి, మధ్యలో ప్లస్ గుర్తు, ఖాళీలు ఉండకూడదు. పేజీ-01.టీఎక్స్‌టీ తయారవుతుంది. పై బాణం నొక్కితే పాత కమాండు మళ్లీ వస్తుంది, అంకె మార్చి ఎంటర్ కొట్టడమే.

ఓసీఆర్ వచ్చాక ఎవరో ఒకరు కళ్లతో ఒకసారి సరిచూడాలి, ఇది తప్పించుకోలేని పని. ద-ధ, బ-భ, ఎ-ఏ తారుమారవుతాయి, పాఠంలో అవి ఊహకి అందుతాయి. అంకెలు అందవు. సంవత్సరాలు, శాతాలు, ఫార్ములాలు మాత్రం ఒక్కొక్కటే అసలు స్లైడుతో పోల్చండి. టైము లేదు, టెన్షన్‌లో ఉన్నారు అంటే మిగతావి వదిలేసైనా అంకెలు చూడండి.

స్లైడులో టెక్స్ట్ లేకుండా పుస్తకం పేజీ ఫోటో తీసి అతికించినవాటికీ ఇదే మందు. అప్పుడు పీడీఎఫ్ కూడా అక్కర్లేదు, పీపీటీఎక్స్‌ని అన్‌జిప్ చేసి మీడియా ఫోల్డర్లో ఉన్న బొమ్మ మీదే టెసరాక్ట్ నడపండి.

ఎండీ ఫైలుని మనిషి చదివేలా దిద్దడం

ఇప్పుడు నోట్‌ప్యాడ్ తెరవండి. మొదట తీసేయాల్సినవి. కాలేజీ పేరు, డిపార్ట్‌మెంట్ పేరు ప్రతి స్లైడు అడుగునా ఉంటే అది ప్రతిసారీ వస్తుంది, నలభై స్లైడ్ల పాఠంలో నలభైసార్లు వినాలి. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అన్నీ ఒకేసారి తీసేసి, మొదటి స్లైడులో ఒక్కటి ఉంచండి. స్లైడ్ నంబర్ లైను చుట్టూ యాంగిల్ బ్రాకెట్, ఆశ్చర్యార్థకం, హైఫన్లు ఉంటాయి, అలాగే వదిలేస్తే తర్వాత వెబ్ పేజీ చేసినప్పుడు అది కనిపించదు, వినిపించదు. రీప్లేస్‌తో ఆ గుర్తులు తీసేసి "స్లైడ్ 7" అని మిగిలేలా చేయండి. క్లాసులో "స్లైడ్ ఏడు చూడండి" అన్నప్పుడు అందరితోపాటు వాళ్లూ అక్కడికి వెళ్లగలగాలి. శీర్షిక లేని స్లైడుకి మీరే ఒకటి పెట్టండి, ముందు హాష్ గుర్తు, ఖాళీ, ఆ తర్వాత మాటలు. శీర్షికకి ముందూ వెనకా ఒక్కో ఖాళీ లైను ఉంచండి.

తర్వాత వరస. మార్కిట్‌డౌన్ స్లైడు మీది పెట్టెల్ని పైనుంచి కిందికి, ఒకే ఎత్తులో ఉంటే ఎడమ నుంచి కుడికి పేరుస్తుంది. కుడిపక్క పెట్టె వెంట్రుకవాసి పైకి జరిగి ఉన్నా అదే ముందు వచ్చేస్తుంది. "లాభాలు", "నష్టాలు" అని రెండు నిలువు వరసలున్న స్లైడుల్లో ఇది బాగా ఇబ్బంది, నష్టాల జాబితా లాభాల శీర్షిక కింద చేరుతుంది. రెండు వరసలున్న ప్రతి స్లైడునీ పక్కన పెట్టుకుని చూడండి.

బుల్లెట్లు కూడా పోతాయి. లైన్లు వస్తాయి గానీ ఏది ప్రధానం, ఏది దాని కింద ఉపాంశం అన్నది రాదు. ప్రతి అంశం ముందు హైఫన్, ఖాళీ పెట్టండి, ఉపాంశమైతే ముందు నాలుగు ఖాళీలు వదిలి హైఫన్ పెట్టండి. విసుగు పనే, కానీ వినేవాడికి "అయిదు అంశాల జాబితా" అని స్క్రీన్ రీడర్ చెప్పేది దీనివల్లే.

స్మార్ట్‌ఆర్ట్ బొమ్మలు అసలు రావు. మీ కాగితంలో డయాగ్రమ్స్ అని ఉంటే అవి ఏ స్లైడ్లో ఉన్నాయో వెతికి చేత్తో రాయండి. గడుల్లో మాటలు రాసి ఊరుకోకండి, బాణం ఏం చెబుతోందో వాక్యంలో పెట్టండి. గణిత సమీకరణాలు కూడా చాలాసార్లు జారిపోతాయి, వాటిని పలికినట్టు రాయడమే మంచిది.

బొమ్మలకి మాటలు

యంత్రానికి అసలు చేతకాని పని ఇది, ఎక్కువసేపు కూర్చోవలసింది కూడా దీని దగ్గరే. ఎండీ ఫైల్లో బొమ్మ ఉన్న చోట ఆశ్చర్యార్థకం, చదరపు బ్రాకెట్లు కనిపిస్తాయి. బ్రాకెట్లలో ఆ బొమ్మ ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మకి బదులు స్క్రీన్ రీడర్ చదివే మాటలు ఉంటాయి. చాలాసార్లు ఖాళీగానో, ఫైలు పేరుతోనో ఉంటుంది, లేదా పవర్‌పాయింట్ తనంతట తాను రాసుకున్నది ఉంటుంది. ఒంగోలు గిత్త ఫోటోకి "పొలంలో నిలబడిన ఆవు" అని ఇంగ్లీషులో, చివర ఇది ఆటోమేటిక్‌గా తయారైన వివరణ అని ఒక తోక. ఈ పాఠానికి అది ఎందుకూ పనికిరాదు.

బొమ్మలో ఏముంది అని కాదు, లెక్చరర్ ఆ బొమ్మ అక్కడ ఎందుకు పెట్టారు అని అడగండి. ఆ స్లైడు శీర్షిక "ఒంగోలు జాతి లక్షణాలు" అయితే పరీక్షలో అడిగేవి కూడా లక్షణాలే. అప్పుడు ఇలా రాయాలి: "ఒంగోలు గిత్త, పక్క నుంచి తీసిన ఫోటో. ఒళ్లంతా తెలుపు. భుజాల మీద ఎత్తైన మూపురం. మెడ కింద మడతలు పడి వేలాడే గంగడోలు. కొమ్ములు పొట్టివి." అదే ఫోటో "బ్రెజిల్‌లో నెలోరే జాతి" అనే స్లైడులో ఉంటే మూపురం గురించి అంత అక్కర్లేదు, ఇక్కడి పశువుల నుంచే అక్కడి జాతి వచ్చిందని చూపడానికి పెట్టిన బొమ్మ అని ఒక్క వాక్యం చాలు. మొదటి స్లైడులో అందానికి పెట్టిన పూల అంచు ఉంటే దాన్ని తీసేయండి, దానికి వివరణ రాసి వినేవాళ్ల టైము తినొద్దు.

మ్యాపులు కష్టం అనుకుంటారు. మ్యాపుని దారిలా రాస్తే కష్టం ఉండదు. పెన్నా నది మ్యాపు ఉందనుకోండి, "కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, అనంతపురం, కడప ప్రాంతాల మీదుగా నెల్లూరు జిల్లాలోకి వచ్చి, సోమశిల జలాశయం దాటి, నెల్లూరు పట్టణం పక్కగా పారి, ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది, మొత్తం పొడవు 597 కిలోమీటర్లు" అని పుట్టుక నుంచి సముద్రం దాకా ఒకే వరసలో చెప్పండి. మ్యాపులో లెక్చరర్ ఎర్ర గుండ్రం చుట్టిన చోటు ఏదైనా ఉంటే అది ముందు చెప్పండి.

గ్రాఫు అంకెలు టేబుల్‌గా వచ్చినా దాని పైన ఒక వాక్యం కలపండి. రొయ్యల చెరువులో నెలనెలా ఉప్పుశాతం చూపే గ్రాఫు అయితే పన్నెండు అంకెలు వరసగా వింటే ఏమీ మిగలదు. "వేసవిలో పెరిగి, ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక పడిపోయింది" అని ముందు వింటే తర్వాత అంకెలు దాని మీద కూర్చుంటాయి. వాక్యం రాసే ముందు ఆ గ్రాఫు నిజంగా అదే చెబుతోందా చూసుకోండి.

మీరు రాసినవన్నీ "బొమ్మ వివరణ:" అనే మాటతో మొదలుపెట్టండి. ఏవి లెక్చరర్ మాటలో, ఏవి మీవో చదివేవాళ్లకి తెలియాలి.

పంపే ముందు

చిన్న పాఠమైతే ఎండీ ఫైలుని టీఎక్స్‌టీగా పేరు మార్చి పంపేయొచ్చు. అయితే టేబుళ్లు ఉంటే టెక్స్ట్‌లో నిలువు గీతలన్నీ చదువుతుంది, వినడం నరకం. టేబుళ్లు, ఎక్కువ స్లైడ్లు ఉన్నవాటిని పాన్‌డాక్‌తో వెబ్ పేజీ చేయండి.

పాన్‌డాక్ -ఎస్ --మెటాడేటా లాంగ్=టీఈ --మెటాడేటా టైటిల్="ఒంగోలు జాతి" ఒంగోలు.ఎండీ -ఓ ఒంగోలు.హెచ్‌టీఎంఎల్

లాంగ్ అంటే ఎల్-ఎ-ఎన్-జి, టీఈ అంటే టి-ఇ, తెలుగుకి కోడు అది. ఇది ఉంటే స్క్రీన్ రీడర్‌కి ఈ పేజీ తెలుగని తెలుస్తుంది, తెలుగు గొంతు ఉంటే దానికి మారుతుంది. కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు హెచ్ అక్షరం నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకి, టి నొక్కి టేబుల్‌కి, కంట్రోల్ ఆల్ట్ బాణాలతో గడి నుంచి గడికి తిరగగలరు. ఆండ్రాయిడ్ ఫోన్లో ఉండే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌లో కూడా శీర్షికల వారీగా వెళ్లొచ్చు. ఎన్‌వీడీఏ ఉచితమే, అందులో వచ్చే ఈస్పీక్ గొంతుకి తెలుగు వచ్చు.

మీకు చూపుంటే, పంపే ముందు తెర ఆపేసి రెండు మూడు స్లైడ్లయినా వినండి. చూస్తున్నప్పుడు పట్టుబడని తప్పులు వింటే వెంటనే తెలుస్తాయి.

ఇలా మార్చి ఇవ్వడానికి అనుమతి ఉందా అని లెక్చరర్లు కొందరు జంకుతారు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, వైకల్యం ఉన్నవాళ్లు చదువుకోవడానికి ఏ రచననైనా వాళ్లకి అందుబాటయ్యే రూపంలోకి మార్చి వాళ్లకి ఇవ్వొచ్చు, చదువు కోసం, సొంత వాడకం కోసం, లాభం చూసుకోకుండా. లెక్చరర్‌కి ఇదే మాట చెప్పండి, చాలావరకు సమస్య ఉండదు.

ఆ లెక్చరర్‌నే ఇంకో రెండు పనులు అడగండి. వచ్చేసారి తెలుగు యూనికోడ్‌లో కొట్టమనండి, విండోస్‌లో తెలుగు కీబోర్డు ఉంది, కొత్తగా ఏమీ కొననక్కర్లేదు. మీరు రాసిన బొమ్మ వివరణలు కూడా పంపి, పీపీటీలో ఆ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఆల్ట్ టెక్స్ట్‌లో అతికించమనండి. తర్వాతి బ్యాచ్‌కి అదే ఫైలు ఇచ్చినప్పుడు మార్కిట్‌డౌన్ ఆ వివరణల్ని నేరుగా ఎత్తుకొస్తుంది, మళ్లీ ఎవరూ కూర్చుని రాయనక్కర్లేదు.